ఉద్యోగం మానాలా, ఫ్లాట్ అమ్మాలా: నిర్ణయాలను వాయిదా వేసిన ఒక కేసు

నేను హైదరాబాద్‌లో కుటుంబ కౌన్సెలింగ్ చేసే సైకాలజిస్టును. బాలింతల కేసులు నా దగ్గరికి ఎక్కువగా ప్రసూతి డాక్టర్లు పంపితే వస్తాయి. ఇది అలా రాలేదు. భర్తే అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు, కారణం దగ్గర "భార్యాభర్తల గొడవలు" అని రాయించాడు. దంపతులిద్దరి అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. ఊళ్ళు, ఉద్యోగాలు గుర్తుపట్టకుండా మార్చాను. డబ్బు అంకెలు కూడా మార్చాను, వాటి మధ్య నిష్పత్తి మాత్రం పోనివ్వలేదు. ఏ నిర్ణయం తర్వాత ఏది తీసుకున్నామన్న వరస మాత్రం జరిగింది జరిగినట్టే ఉంచాను. ఈ కేసు నుంచి నేర్చుకునేదంతా ఆ వరసలోనే ఉంది.

నేపథ్యం

ఆమెకు 29 ఏళ్ళు, అతనికి 32. ఇద్దరిదీ కోస్తా జిల్లాలే. అతను సాఫ్ట్‌వేర్, అమెరికా క్లయింటు, రాత్రి పదకొండు దాకా కాల్స్. ఆమె ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ ఒకటి కొన్నారు. పాప పుట్టేలోగా చేతికొస్తుందన్న ఇల్లు రాలేదు. దాంతో ఒక పక్క అద్దె, ఇంకో పక్క బ్యాంకు అప్పటిదాకా ఇచ్చిన సొమ్ముకు వడ్డీ, అంటే ప్రీ ఈఎంఐ, రెండూ నడుస్తున్నాయి.

తొలికాన్పు పుట్టింట్లో జరిగింది, సిజేరియన్. అక్కడ ఆమెకు తల్లి, పెద్దమ్మ, వదిన, స్నానం చేయించే మనిషి ఉన్నారు. పత్యం, కాయం, చెవుల్లో దూది, సాంబ్రాణి పొగ, అన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. నీళ్ళు తక్కువ తాగమన్నారు, అది మంచిది కాదు. అయితే ఆ రోజుల గురించి చెబుతూ ఆమె ఒక మాట అంది: "అక్కడ నేను నిద్రపోయానండీ." పాప పాలు తాగగానే ఎవరో ఒకరు ఎత్తుకుపోయేవారట. బేసి నెల చూసి మూడో నెలలో సారెతో హైదరాబాద్ పంపించారు. ఆ ఒక్క ప్రయాణంతో ఆమె చుట్టూ ఉన్న నాలుగైదు జతల చేతులూ పోయాయి. తల్లి కొన్నాళ్ళు ఉండి, తండ్రికి షుగర్ ఎక్కువైందని వెళ్ళిపోయింది. అత్తగారు వచ్చారు.

మన దగ్గర ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటును మొదటి నెలలోనే వెతుకుతారు. మూడో రోజు నుంచి రెండు వారాల్లోపు వచ్చి పోయే కన్నీళ్ళు వేరు, అవి చాలామందికి వస్తాయి, వాటంతట అవే తగ్గుతాయి. పుట్టింటి పురుడు ఉన్న ఇళ్ళలో అసలు కుంగుబాటు చాలాసార్లు అత్తింటికో అద్దె ఇంటికో తిరిగి వచ్చాకే బయటపడటం నేను చూస్తున్నాను. అప్పటికి "ఇంకా బాలింత ఏంటి?" అనే కాలం మొదలవుతుంది.

వచ్చిన సమస్య

వాళ్ళు వచ్చేసరికి పాపకు నాలుగున్నర నెలలు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. ఆమె అందులో మూడు వారాలు కాన్పుకు ముందే వాడుకుంది. ఇక మూడు వారాల్లో ఆఫీసుకు వెళ్ళాలి.

మాట మొదలుపెట్టింది భర్త. "మేడం, ఉద్యోగం మానేస్తానంటోంది. కాదంటే ఫ్లాట్ అమ్మేద్దామంటుంది. నిన్నేమో పాపను వాళ్ళమ్మ దగ్గరికి పంపేద్దామంది. ఏదో ఒకటి మీరే చెప్పండి, మీరు చెబితే వింటుంది." ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. పాప అత్తగారి ఒళ్ళో బయట ఉంది. ఏడుపు వినిపించినప్పుడల్లా ఆమె భుజాలు బిగుసుకునేవి గానీ లేచేది కాదు.

నేను ఆ మూడింటిలో దేన్నీ చర్చకు తీసుకోలేదు. మూడూ వేర్వేరు ప్రతిపాదనల్లా కనిపిస్తున్నా, ప్రతి దాంట్లోనూ ఆమె తనది ఏదో ఒకటి వదిలేస్తోంది. వారంలో మూడుసార్లు మారే ఇంత పెద్ద నిర్ణయాన్ని నేను ముందు లక్షణంగా చూస్తాను, అభిప్రాయంగా తర్వాత చూస్తాను. భర్తతో "ఈ ప్రశ్నలకు జవాబు కావాలి, కానీ ఈ నెలలో కాదు" అని మాత్రం చెప్పి, అతన్ని కాసేపు బయట కూర్చోమన్నాను.

ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు, ప్రసవం తర్వాతి కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో స్కేలు ఇచ్చాను. 1987లో వచ్చిన పది ప్రశ్నల పట్టిక ఇది, గడిచిన ఏడు రోజుల గురించి అడుగుతుంది, గరిష్ఠం 30. పదమూడు, అంతకు మించి వస్తే కుంగుబాటు ఉండే అవకాశం బలంగా ఉన్నట్టు. ఆమెకు 17 వచ్చింది. పదో ప్రశ్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి "ఎప్పుడూ లేదు" అని గీత పెట్టింది. కాగితం మీద వచ్చిన ఆ జవాబుతో నేను ఎప్పుడూ ఆగను, అదే ప్రశ్నను నోటితో తెలుగులో మళ్ళీ అడుగుతాను. "ఎప్పుడైనా, పొద్దున లేవకపోతే బాగుండు అనిపించిందా అమ్మా?" చాలాసేపటికి అంది: "చచ్చిపోవాలని కాదండీ. నేను లేకపోతే వీళ్ళు హాయిగా ఉంటారు కదా అని."

అందుకే గొడవల కేసుగా మొదలైన ఆ సాయంత్రం వైద్యం కేసుగా ముగిసింది. అదే వారంలో సైకియాట్రిస్టును కలిసేలా మాట్లాడాను. రాత్రి ఆమెను ఒంటరిగా వదలకూడదని, ఇంట్లో మాత్రలన్నీ అత్తగారి బీరువాలో పెట్టాలని ఆమె సమ్మతితోనే భర్తకు చెప్పాను. అర్ధరాత్రి నేను ఫోన్ ఎత్తలేకపోతే చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాను. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

రక్త పరీక్షలు కూడా అడిగాను. హిమోగ్లోబిన్ 8.9, అంటే రక్తం తక్కువ. థైరాయిడ్ కూడా బాగా మందగించింది. ప్రసవం తర్వాత మొదటి ఏడాదిలో కొందరికి థైరాయిడ్ ఇలా గతి తప్పుతుంది. నీరసం, జుట్టు రాలడం, మలబద్ధకం, దేని మీదా మనసు నిలవకపోవడం, ప్రతి దానికీ ఇంట్లో "బాలింత కదా" అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఎవరూ పరీక్ష చేయించరు. ఐరన్ మాత్రలు ప్రసవం తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి. ఈమె వేడి చేస్తుందని రెండో నెలలోనే ఆపేసింది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఇలాంటి కేసులో ఇది అరుదైన సంగతేం కాదు, ముందే అనుమానించాల్సిన సంగతి.

అప్పటికే చేసి చూసినవి

ఇంట్లో ఊరికే కూర్చోలేదు. దిష్టి తీశారు. పాలు చాలట్లేదేమోనని డబ్బా పాలు మొదలుపెట్టి, పాప వాంతి చేసుకుంటే ఆపేశారు. ఏజెన్సీ నుంచి ఆయాను పెట్టుకున్నారు, వారం తిరక్కుండా ఆమె మానేసింది. అతనికి పొద్దున్నే పని ఉంటుందని పడక వేరే గదిలోకి మార్చారు. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది ఈ చివరిదే. అందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. "సంపాదించేవాడు పడుకోవాలి" అని అత్తగారు అన్నారు, నిజమేనని కోడలే దిండు తీసుకెళ్ళి ఇచ్చింది. అప్పటినుంచి రాత్రంతా ఒక్క మనిషి మీద పడింది. పాప గంటన్నరకోసారి లేచేది. ఆమె కంటినిండా వరసగా మూడు గంటలు నిద్రపోయి రెండు నెలలైంది.

విఫలమైన మొదటి పద్ధతి

సైకియాట్రిస్టు రాసిన మందులు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోపు నిద్ర కావాలి. అందుకే మొదట రాత్రిని సమంగా పంచాం: పది నుంచి రెండు అతను, రెండు నుంచి ఆరు ఆమె. కాగితం మీద న్యాయంగా ఉంది. వారంలో కూలిపోయింది.

ఎందుకు కూలిందో వాళ్ళతో కూర్చుని గంట గంటా రాయించాను. కాల్స్ అయ్యేది పదకొండుకు, కాబట్టి మొదటి గంట ఎలాగూ ఆమెదే. అతను సీసాతో పట్టిస్తే పాప నోరు తిప్పేసుకునేది. కొడుకు చేతిలో బిడ్డ ఏడుస్తుంటే అత్తగారు లేచి వచ్చి, "పడుకోరా, పొద్దున్నే పనుంది" అని తీసుకుని కోడలి పక్కన పడుకోబెట్టేవారు. పక్క గదిలోనే ఉన్న ఆమెకు ప్రతి శబ్దమూ వినిపించేది, తన వంతు కాని గంటల్లోనూ కళ్ళు తెరుచుకునే పడుకునేది. మొత్తానికి పంపకం జరిగింది గంటలకే. బాధ్యత ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఇంకొకటి కూడా అర్థమైంది. ఆ ఇంట్లో పిల్లల పెంపకం తెలిసిన ఒకే ఒక మనిషిని, అత్తగారిని, మేం పథకంలో లెక్కే వేయలేదు. ఆమెను అడ్డంకిగా చూస్తూ, ఆమెను దాటి వెళ్ళే దారులు వెతుకుతున్నాం.

పనిచేసింది

అత్తగారిని విడిగా రమ్మన్నాను. కోడలి గురించి ఫిర్యాదులు వింటానని అనుకున్నారేమో, ముందు చాలా జాగ్రత్తగా మాట్లాడారు. "మీ సంగతి చెప్పండమ్మా, మీకు నిద్ర పడుతోందా?" అని అడిగాక గొంతు మారింది. "నన్నెవరూ అడగలేదమ్మా. ఏడిస్తే తీసుకోండి అత్తయ్యా అంటారు, నిద్రపుచ్చేసరికి వచ్చి తీసుకుపోతారు. పట్టమంటారా, వద్దంటారా తెలీదు. ఊళ్ళో ఆయన ఒక్కడే వండుకుంటున్నాడు." మోకాళ్ళ నొప్పులు, కొత్త ఊరు, మాట్లాడే మనిషి లేని పదో అంతస్తు. కోడలికి వచ్చింది జబ్బు అని, రక్తం ఇంత ఉందని అంకెలతో చెప్పాను. బద్ధకం అనుకున్న కోడలి మీద ఆవిడకు జాలి పుట్టింది ఆ అంకె చూసే.

తర్వాత పాలు పట్టే సంగతి వచ్చింది. సీసా పట్టడం లేదంటే ఆవిడ ఆశ్చర్యపోయారు. "సీసా ఎందుకూ, ఉగ్గుగిన్నె లేదా?" సారెలో వచ్చిన వెండి ఉగ్గుగిన్నె అటక మీద ఉంది. సీసా కంటే గిన్నె మంచిదని పిల్లల డాక్టర్లూ చెబుతారు, శుభ్రం చేయడం తేలిక, తల్లి రొమ్ము పట్టడం పాప మర్చిపోదు. పిండి ఫ్రిజ్‌లో ఉంచిన తల్లిపాలను వేడి నీళ్ళ గిన్నెలో పెట్టి గోరువెచ్చన చేసి, పాపను ఒళ్ళో కాస్త ఎత్తుగా కూర్చోబెట్టుకుని, గిన్నె ముక్కు పెదవి పక్కన ఆనించి ఆవిడ పట్టించారు. రెండో రోజుకే పాపకు అలవాటైంది. కొడుక్కి ఆవిడే నేర్పారు.

దాని మీద రెండో పద్ధతి కట్టాం. ఈసారి సమానత్వం చూడలేదు. అందరికంటే ముందు ఆమెకు తెగని నిద్ర ఎక్కడ దొరుకుతుందని చూశాం. పావు తక్కువ తొమ్మిదికి పాలిచ్చి ఆమె వెనక గదిలోకి వెళ్ళిపోతుంది, తలుపు వేసి, ఫ్యాన్ ఫుల్లుగా పెట్టుకుని. పదకొండు దాకా అత్తగారు, అక్కడినుంచి ఒంటిగంటన్నర దాకా అతను. తర్వాత ఆమె. పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా అతను పాపను ఎత్తుకుని కిందికి తీసుకెళ్తాడు, ఆ గంటన్నర అత్తగారికి విశ్రాంతి. మధ్యాహ్నం ఆవిడ పడుకోవాలి, వంటమనిషిని పెట్టుకోవాలి. అతను మేనేజర్‌తో మాట్లాడి వారంలో కొన్ని కాల్స్ ముందుకు జరుపుకున్నాడు. అడిగితే ఇస్తారని అతనికి అంతవరకూ తోచలేదు.

మొదటి వారంలో ఆమె నిద్రపోలేదు, తలుపు వెనకే నిలబడి వినేది. "ఏడ్చినా పర్లేదు, పక్కన మనిషున్నారు" అని నమ్మడానికి టైం పట్టింది. పదిహేను రోజులయ్యేసరికి నాలుగు గంటల నిద్ర ఒక్క విడతలో వచ్చింది. ఆ తర్వాతే ఆమె నా గదిలో మొదటిసారి పాప గురించి మాట్లాడింది, ఎలా నవ్వుతుందో చెప్పింది.

మందుల విషయంలో ఇంట్లో భయం ఉంది, పాలలోకి వెళ్తుందని, పిచ్చి మందులని. సైకియాట్రిస్టు సెర్ట్రాలిన్ రాశారు. పాలలోకి చాలా తక్కువగా చేరే మందు అది, పాలిచ్చే తల్లులకు ఎక్కువగా వాడేదీ అదే. ఈ మాట నేను చెప్పడం కంటే ఆ డాక్టరే అత్తగారి ఎదురుగా చెప్పడం మంచిదని ముగ్గురినీ కలిసి పంపాను. రోజూ మాత్ర గుర్తుచేసే పని ఆవిడే తీసుకున్నారు.

సెలవు, డబ్బు

నిర్ణయం వాయిదా వేయమనడం తేలిక, దానికి ఖర్చవుతుంది. మూడు వారాల్లో చేరాల్సిన మనిషికి కనీసం ఇంకో నెల కావాలి. జీతం లేని సెలవు ఒక నెలంటే 62,000 పోయినట్టు. అతను గృహప్రవేశానికని దాచుకున్న సెలవులున్నాయి. పితృత్వ సెలవు కంపెనీ ఐదు రోజులిచ్చింది, ప్రైవేటు ఉద్యోగికి చట్టంలో అదీ లేదు. ఆ ఐదు రోజులూ పుట్టింట్లో పదిమంది ఉన్నప్పుడే అయిపోయాయి. అందుకని దాచిన సెలవులను ఆమె మళ్ళీ ఆఫీసుకు వెళ్ళే మొదటి రెండు వారాలకు మార్చాం.

డబ్బు సలహా నా పని కాదు. కానీ "నీ జీతం లేకపోతే రోడ్డున పడతాం" అన్న మాట ఆ ఇంట్లో ప్రతి గొడవలోనూ వస్తోంది, ఆ మాట నిజమో కాదో ఎవరూ లెక్క వేయలేదు. ఇంటి దగ్గర ఒక కాగితం మీద రాసుకుని రమ్మన్నాను. అతని చేతికొచ్చేది 1,15,000. అద్దె 27,000, ప్రీ ఈఎంఐ 40,000, ఊరికి పంపేది 10,000 పోగా 38,000. ఇరుకే, కానీ ఇల్లు నడుస్తుంది. ఫ్లాట్ చేతికొచ్చాక అద్దె పోతుంది, పూర్తి ఈఎంఐ 63,600 వస్తుంది, మిగిలేది 41,400. అసలు ముంచేది వేరే ఉంది: కప్‌బోర్డులకీ మాడ్యులర్ కిచెన్‌కీ 12 లక్షల పర్సనల్ లోన్ అనుకున్నారు. దానికి నెలకు ఇంచుమించు 28,000. అది పెడితే ఆమె ఉద్యోగం చేయాలా వద్దా అన్న ప్రశ్నే ఉండదు, చేసి తీరాలి. ఆ కాగితం చూసి అతనే అన్నాడు, "చెక్క పని తర్వాత చేయించుకుందాం." దానికోసం కూడబెట్టిన కొంత సొమ్ములోంచే ఆ నెల సెలవు ఖర్చు వెళ్ళింది. ఆ రోజు తర్వాత వాళ్ళ గొడవల్లో డబ్బు మాట రాలేదు.

ఆరున్నర నెలల పాపను వదిలి ఆమె ఉద్యోగంలో చేరింది. ప్రసూతి సెలవు పెంచిన ఆ 2017 సవరణలోనే, సెలవు అయ్యాక యజమానీ ఉద్యోగీ ఇద్దరూ ఒప్పుకున్న షరతులతో ఇంటి నుంచి పని చేసే వీలుంది. నోటిమాటగా కాకుండా మెయిల్ పెట్టమన్నాను, వారంలో రెండు రోజులు ఇచ్చారు. పాపను ఊరికి పంపే మాట అప్పటికి ఎవరూ ఎత్తడం లేదు. ఎన్నో ఇళ్ళలో అది మంచి ఏర్పాటే. అయితే ఆ వారాల్లో పంపి ఉంటే, తల్లిగా పనికిరాననే తీర్పుగానే ఈమె దాన్ని తీసుకునేది.

తొమ్మిదో నెల

మామగారు జారిపడ్డారు, అత్తగారు వెళ్ళిపోయారు. పాప క్రెష్‌లో చేరిన మొదటి నెలంతా జలుబు, జ్వరం. ఫ్లాట్ తేదీ మళ్ళీ జరిగింది. ఆమెకు పాత ఆలోచన తలెత్తింది. ఈసారి వాళ్ళు నాకు ఫోన్ చేసింది రెండో రోజునే, ఎందుకంటే బాగున్న రోజుల్లోనే లక్షణాలు రాసి ఫ్రిజ్ మీద అంటించుకున్నారు: రెండు రాత్రులు నిద్ర లేకపోవడం, పాపను ఎత్తుకోబుద్ధి కాకపోవడం, "నేను లేకపోతే" అన్న మాట. ఆమె తల్లి మూడు వారాలు వచ్చి ఉంది. తగ్గించాలనుకున్న మందును డాక్టరు తగ్గించలేదు.

అతన్ని కూడా అడిగాను. సాయంత్రం కారు సెల్లార్‌లో ఆపి అరగంట కూర్చుని గానీ పైకి రావడం లేదట. తండ్రుల్లో ఇంచుమించు పది శాతం మందికి ఈ కాలంలో కుంగుబాటు వస్తుందని 2010లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. అతనికి మందులు అవసరం కాలేదు, వారానికోసారి విడిగా మాట్లాడాం. అయితే ఆ కారు సంగతి నేను అడిగేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పాపకు ఏడాది నిండాక ఆమె ఎడిన్‌బరో స్కోరు 5. అప్పుడు ఉద్యోగం విషయం ఆమే ఎత్తింది. కొత్త ఫ్లాట్‌కు దగ్గర్లో, జీతం కొంచెం తక్కువైనా ఆరింటికి ఇల్లు చేరే ఉద్యోగానికి మారింది. ఈసారి వదిలించుకోవడానికి కాదు, ఏం కావాలో తెలిసి మారింది. తలుపుల్లేని అలమారలతోనే గృహప్రవేశం చేశారు.

తోటి కౌన్సెలర్లకు

మన దేశంలో 38 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. ప్రసవం తర్వాత 22 శాతం మంది తల్లులకు కుంగుబాటు ఉందని దాని అంచనా. ఏడాదిలోపు బిడ్డ ఉన్న దంపతులు ఏ పేరుతో వచ్చినా, గొడవలని వచ్చినా, విడాకులని వచ్చినా, నేనిప్పుడు మొదట అడిగేది నిన్న రాత్రి ఎవరు ఎన్ని గంటలు పడుకున్నారని. హిమోగ్లోబిన్, థైరాయిడ్ రిపోర్టులు లేకుండా రెండో సెషన్ పెట్టను. ఇంట్లో ఉన్న పెద్దావిడను కలవకుండా రాత్రి పద్ధతి ఏదీ ఖరారు చేయను.

పిల్లల డాక్టర్లకు ఒక విన్నపం. ఈ పాపకు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలు తేదీ తప్పకుండా పడ్డాయి. ప్రతిసారీ పాపను తూచారు, కార్డులో రాశారు. పద్నాలుగో వారం నాటికి తల్లి రాత్రంతా మేలుకునే ఉంటోంది. టీకా వేశాక పాప ఏడుపు ఆగేలోపు ఆమెను రెండు ప్రశ్నలు అడగొచ్చు: ఈ నెలలో ఎక్కువ రోజులు దిగులుగా ఉందా, ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? ఏ ఒక్కదానికి అవునన్నా, పక్క గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి ఇంకో పది నిమిషాలు మాట్లాడండి.